కొందరు దాటుతారు

“పాలు అర లీటరు చాలమ్మాయ్, రేపటి సంగతి ఎవరికి తెలుసు?” అని అత్తగారు ముందుగదిలోంచి కేకేసేసరికి ఆమె టీ గిన్నె పొయ్యి మీద పెడుతోంది. ఆ ఇంట్లో రేపు అన్నది రద్దయి ఏడాది కావస్తోంది. సరుకులు చిన్న సంచీలోనే వస్తాయి. సబ్బులు ఒక్కొక్కటే కొంటారు. పాప డైపర్లయితే అన్నిటికన్నా చిన్న పాకెట్టు. పెద్దది చవకే, కానీ కొన్న మర్నాడే పాప పోతే మిగిలినవి ఏం చేసుకుంటామన్నది మొగుడుగారి ముందుచూపు. ఇంతవరకూ ఒక్కటీ మిగల్లేదు. ఆయన వీధి మలుపు తిరగడం చూసి దుకాణం వాడు చిన్న పాకెట్టు తీసి బల్ల మీద పెట్టేస్తున్నాడు.

పాపకు ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక క్రోమోజోము ఎక్కువ. పద్దెనిమిదో జతలో రెండుండాల్సిన చోట మూడున్నాయి. దానివల్ల గుండెలో చిల్లు, చిన్న ఒళ్ళు, నోటితో పాలు తాగలేని నీరసం. పుట్టినప్పుడు డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి పిల్లల్లో చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు, ఇది ఎవరి వైపు నుంచీ వచ్చింది కాదు, కొందరు మాత్రం ఏడాది దాటుతారు, ఎవరు దాటుతారో నేను చెప్పలేను అంది. మొగుడుగారికి మొదటి ముక్క వినబడింది. ఆమె చివరి ముక్క పట్టుకుంది. మధ్య ముక్క అత్తగారి కోసమే చెప్పింది గానీ ఆవిడ దాన్ని చెవిన వేసుకోలేదు. ఇంటికి రాగానే తమ వంశాన్ని ముత్తాతల దాకా తవ్వి, అందరికీ సరిపడా తప్ప ఎక్కువ లేవని తేల్చింది. “మీ వాళ్ళకి మొదట్నించీ అన్నీ ఎక్కువేనమ్మా, మాటలతో సహా” అంది.

ఆ అత్తగారు చివరి చూపుకని చిన్న చేతిసంచీతో వచ్చిన మనిషి. వారంలో వెళ్ళిపోవాలి కాబట్టి రెండు చీరలే తెచ్చుకుంది. ఇప్పుడు బీరువాలో రెండు అరలు ఆవిడవి. కిటికీ పక్క కుర్చీ ఆవిడది, టీవీ ఆవిడది. ఇంటికి ఎవరొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం తీసే బాధ్యతా ఆవిడదే. తమాషా ఏమిటంటే, ఆ రాగం మొదలవగానే పాప నవ్వుతుంది. నానమ్మ తనకోసం పాట పాడుతోందనుకుంటుంది కాబోలు. వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కిన చిన్న పిడికిలి ఊపుతూ, బోసినోరంతా తెరిచి నవ్వుతుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోతుంది. పాపకు బుడంకాయ అని ముద్దుపేరు పెట్టుకుంది. అసలు పేరు పెడదామంటే, “ఇప్పుడెందుకులే, తరవాత చూద్దాం” అన్నారాయన. ఏం జరిగిన తరవాత పేరు పెడతారో ఆయన చెప్పలేదు.

ఆయన మనసు చాలా సున్నితం. ఆ మాట ఆయనే చెబుతారు. పాపకు దగ్గరైతే రేపు తట్టుకోలేనని దూరంగా ఉంటారు. ఆ సున్నితం మనసులో ఆగకుండా చేతుల్లోకి కూడా పాకడంతో డైపరు మార్చలేరు, ముక్కులోని గొట్టంలో పాలు పోయలేరు. పాప ఉలిక్కిపడి లేస్తే నిద్ర చెడుతుందని పక్క గదిలో తలుపేసుకుని పడుకుంటారు. పొద్దున్నే లేచి, “నువ్వూ మరీ ఆశ పెట్టుకోకు” అని సలహా ఇచ్చి, ఆమె కట్టిన డబ్బా పట్టుకుని ఆఫీసుకు వెళతారు. అక్కడ ఆయన్ని దుఃఖంలో ఉన్న తండ్రి అని అందరూ నెత్తిన పెట్టుకుని చూసుకుంటారట. బరువైన ఫైళ్ళు ఆయన బల్ల దాకా రానివ్వరట. ఆమె బల్ల మీదికి మాత్రం పరామర్శకొచ్చిన వాళ్ళ ఎంగిలి కప్పులు వచ్చాయి. బతికున్న బిడ్డకు పరామర్శ ఏమిటో ఆమెకు అర్థం కాదు. దూరం చుట్టాలు వచ్చి, ఉయ్యాలలోకి తొంగిచూసి, పాపం అని, పంచదార కొంచెం తగ్గించమని చెప్పి వెళ్ళేవారు. ఒక్కరూ ఒక గిలక్కాయ తేలేదు. ఎన్నాళ్ళు ఆడుతుందని తెస్తారు?

ఆమె పెళ్ళికి ముందు నుంచీ కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో పనిచేసేది. అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి బిగించడం ఆమె పని. చేతిలో అద్దం తిరుగుతుంటే గుండె నిమ్మళంగా ఉండేది. దుకాణం యజమాని నెలలకు నెలలు ఓపిక పట్టి, చివరికి ఈ సోమవారం రాకపోతే ఇంకొకర్ని తీసుకుంటానని ఫోన్ చేశాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే, “అది అయిపోయాక చేరొచ్చుగా, అంత తొందరేముంది?” అన్నారు మొగుడుగారు పేపరు మడుస్తూ. అయిపోవడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. తన బతుకు మళ్ళీ నడవాలంటే తన కూతురు పోవాలి, కూతురు ఉన్నంతకాలం తను ఆగిపోవాలి. ఇంతకన్నా ఘోరమైన మాట ఎవరైనా తనతో తిట్టి అన్నా ఇంత మండేది కాదు. ఆయన టీ తాగుతూ మామూలుగా అన్నారు. ఆమె వెళ్ళి పాలు కాచింది. ఆమెకూ ఒక భయముంది, ఎవరికీ చెప్పనిది. తను దుకాణంలో అద్దం అరగదీస్తుండగా ఇక్కడ పాప ఊపిరి ఆగిపోతే? ఆ భయానికి లొంగే ఆమె ఇన్నాళ్ళూ వీధి చివరి దాకా కూడా వెళ్ళలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె పాపకు పాలు పడుతోంది. మొగుడుగారు గడ్డం గీసుకోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళారు. గంట మోగింది. ఆయన ఆఫీసు మేనేజరూ, తలంతా నెరిసిన గుమాస్తా ఒకాయనా, ఇద్దరు అమ్మాయిలూ తెల్లపూల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అత్తగారు తలుపు తీసి, అలవాటు ప్రకారం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం అందుకుంది. వచ్చినవాళ్ళకు అనుమానం రావడానికి సందు లేదు. వరసగా సోఫాలో కూర్చుని తలలు దించుకున్నారు. మేనేజరు గొంతు సవరించుకుని, ఆ మూడు రోజులూ రాలేకపోయామనీ, పాప ఆత్మకు శాంతి కలగాలనీ అన్నాడు. అత్తగారు రాగం మధ్యలో ఆగింది.

లోపలి గదిలో ఆమెకు ఆ మాట స్పష్టంగా వినబడింది. చేతిలోని సిరంజిలో ఆఖరి చుక్క దిగేదాకా ఆగి, గొట్టం మూసి, పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ బయటికి వచ్చింది. సోఫాలో నాలుగు తలలూ ఒక్కసారే లేచాయి.

మేనేజరు చాలా మర్యాదస్థుడు. “ఈ పాప... చుట్టాల పాపా అమ్మా?” అన్నాడు.

“మా పాపే.”

“అంటే, రెండో పాపా?”

“ఉన్నది ఒక్కతేనండీ.”

అంతలో బుడంకాయ గట్టిగా త్రేన్చింది. పెద్ద గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, “పాప బాగుందమ్మా” అన్నాడు. ఏడాదిలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పూలగుత్తి పట్టుకున్న అమ్మాయి దాన్ని వెనక దాచాలో ముందుంచాలో తెలియక నలిగిపోతుంటే, ఆమే చెయ్యి చాపి తీసుకుంది. “ఇప్పటిదాకా దీనికి ఎవరూ ఏమీ తేలేదు. మీరే మొదలు” అంది. పాప ఆ పూలలో ముక్కు పెట్టింది.

స్నానాలగదిలో నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. ఆమె వెళ్ళి తలుపు తట్టి, మీ ఆఫీసువాళ్ళొచ్చారు, బయటికి రండి అంది. సగం చెంపకు నురగతో మొగుడుగారు వచ్చారు. ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు. పాప పోతే మూడు రోజులు సెలవిస్తారట. ఏడాది చివరి లెక్కల పని పడిందంటే చావుకైనా సెలవు దొరకదట. ఎలాగూ జరిగేదే కదా అని, ఇంకా వీలున్నప్పుడే, కిందటి నెల ముందుగా వాడుకున్నారట. ఆ మూడు రోజులూ డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్ళావని అత్తగారే అడిగింది. “అక్క వాళ్ళింట్లో పడుకున్నాను” అన్నారాయన. “నిద్ర సరిపోవట్లేదు.”

నిద్ర అన్న మాట విన్నాక ఆమెకు నవ్వాగలేదు. సోఫా చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకు వంక చూసి, “పిల్ల నిక్షేపంలా ఉంటే పోయిందని చెప్తావట్రా?” అంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పోవడానికి ఏర్పాట్లన్నీ చేసుకుని కూర్చున్న మనిషి, ఆ మాట కొడుకు నోటి దాకా వచ్చేసరికి ఓర్చుకోలేకపోయింది.

మేనేజరు లేచి, అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నందుకు ఏం చర్య తీసుకోవాలో సోమవారం చూస్తానన్నాడు. ఆమె నవ్వు తుడుచుకుని, చర్యేమీ వద్దండీ, ఈయనకి ఇంకా సెలవు మిగిలుందా అని అడిగింది. మామూలు సెలవు దండిగా ఉందట, ఆయన వాడుకోనే లేదట. పైగా ఆఫీసులో ఆయన బల్ల మీద పనెలాగూ లేదు. అయితే సోమవారం నుంచి ఇవ్వండి అంది. “బిడ్డ పోతే మూడు రోజులు తీసుకున్న మనిషి, బిడ్డ ఉన్నందుకు కొన్నాళ్ళు తీసుకోవాలి కదండీ. ఆ సెలవయ్యాక పగలంతా చూసుకునే ఆయాని ఇద్దరం కలిసి వెతుక్కుంటాం.” మేనేజరు కాదనలేదు. ఆ రోజు టీ మొగుడుగారు పెట్టారు. పంచదార బాగా ఎక్కువైంది. అందరూ నోరెత్తకుండా తాగారు.

ఆ సాయంత్రమూ ఆదివారమంతా ఆమె ఆయనకు పని నేర్పింది. గొట్టం సరిగ్గా ఉందో లేదో ముందు ఎలా చూడాలి, సిరంజి ఎంత ఎత్తున పట్టుకోవాలి, పాలు తొందరగా దిగితే ఏమవుతుంది, ఊపిరి తడబడితే ఎలా పైకెత్తి పట్టుకోవాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. సున్నితమైన ఆ చేతులు మొదట్లో సగం పాలు బల్ల మీదే పోశాయి. పాప ఒకసారి ఆయన చొక్కా మీద కక్కింది, ఒకసారి ఆయన బొటనవేలు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. ఆయన కదలకుండా అలాగే కూర్చుండిపోయారు. ఆమె చూసీ చూడనట్టు బట్టలు మడుచుకుంది.

సోమవారం పొద్దున ఆమె డబ్బా కట్టుకుంది, తనకొక్కదానికే. పాప నుదురు మీద ముద్దు పెట్టి చాలాసేపు ఆ వాసన పీల్చింది. ఇది దానికి చివరి రోజు కావచ్చు, ఏ రోజైనా కావచ్చు, ఏడాదిగా ప్రతిరోజూ అంతే. అయినా తలుపు దాకా వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వెనక నుంచి మొగుడుగారు వచ్చారు. ఒక భుజాన పాప, ఒక చేతిలో సిరంజి, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నువ్వొచ్చేలోపల ఏమైనా అయితే?” అన్నారు.

ఆ ప్రశ్న ఆమె నోటి దాకా వచ్చి ఎన్నిసార్లు ఆగిపోయిందో ఆయనకు తెలియదు. ఏడాదిలో మొదటిసారి అది ఇంకొకరి నోట వింది. జాలి వేసింది, తేలిగ్గానూ అనిపించింది.

“మీరు పక్కనుంటారు” అని తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగింది.