కర్త కనపడని వాక్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే. పదో తరగతి పిల్లలకి పాసివ్ వాయిస్ చెప్పి చూడండి, మీకూ ఉంటుంది. "రాము మామిడిపండు తిన్నాడు" అంటే బాగానే ఉంటారు. "మామిడిపండు రాము చేత తినబడింది" అనగానే వెనక బెంచీ అంతా ఇకిలిస్తుంది. వాళ్ళ తప్పు కాదు లెండి. ఇంట్లో ఎవడైనా "అన్నం నా చేత తినబడింది" అంటాడా? అన్నవాడికి మర్నాడు అన్నం పెట్టరు.

నా పేరు సన్యాసిరావు. ఉండేది సబ్బవరం. రోజూ సాయంత్రం బస్సెక్కి అనకాపల్లి వచ్చి, బెల్లం మార్కెట్లో రామ్‌గోపాల్ గారి కొట్టు మీద గదిలో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. కింద ఆయన బెల్లం వ్యాపారం, పైన నా వ్యాకరణం. అద్దె విషయంలో ఆయన ఎప్పుడూ గట్టిగా అడగలేదు. గది ఇచ్చిన రోజు మాత్రం ఒక్క మాటన్నారు.

"నీళ్ళ దగ్గర జాగ్రత్త మేస్టారూ. కింద దిమ్మలుంటాయి."

బెల్లం దిమ్మకి నీళ్ళు తగిలితే రంగు పోతుంది. రంగు పోయిందంటే వేలంలో ఎవడూ దాని మొహం చూడడు. అందుకే సాయంత్రం రైతులు తెచ్చిన దిమ్మల్ని వసారాలో వరసగా పేర్చి, పైన చాపలు కప్పి, తెల్లారేదాకా కనిపెట్టుకుని ఉండడానికి ఒక కళాసీ ఉంటాడు. రామ్‌గోపాల్ గారి కొట్లో ఆ కళాసీ పోతన్న. మీసాలు రాని వయసు నుంచీ అక్కడే దిమ్మలు మోస్తున్నాడు.

పోతన్న కూతురు మణి నా దగ్గరే చదువుతోంది. కిందటేడు పదో తరగతి అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటీ తప్పింది. ఈ 2006 మార్చిలో మళ్ళీ రాస్తోంది. పాసైతే నర్సు ట్రైనింగుకి వెళ్తుంది. తప్పితే జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టుకోవాలి. ఈ మాట పోతన్న నాతో అన్నప్పుడు నేను ఛాతీ విరుచుకుని, "ఆ పిల్ల పూచీ నాది" అన్నాను. మాటలకేం, బోలెడన్ని అంటాను.

మొన్న సోమవారం క్లాసు అయ్యాక చేతుల సుద్ద కడుక్కుందామని బాల్కనీలో కుళాయి తిప్పాను. చుక్క రాలేదు. మునిసిపాలిటీ నీళ్ళు వాటి ఇష్టం వచ్చినప్పుడు వస్తాయి. మునిసిపాలిటీని ఒక బూతు తిట్టి, చేతులు పంట్లానికి తుడుచుకుని, ఆఖరి బస్సు కోసం పరిగెత్తాను. బస్సు సగం దారిలో ఉండగా గుర్తొచ్చింది, కుళాయి కట్టానా లేదా అని. కట్టే ఉంటాన్లే అనుకుని కిటికీకి తల ఆనించి కునుకు తీశాను.

మంగళవారం సాయంత్రం వచ్చేసరికి వసారాలో చివరి వరస దిమ్మలన్నీ చెమ్మగిల్లి నల్లబడి ఉన్నాయి. నేలంతా పాకం, దాని మీద ఈగలు. ఎవరో కొత్త కళాసీ కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. రామ్‌గోపాల్ గారు నన్ను చూసి చేతులు తిప్పారు.

"చూసేరా మేస్టారూ! పోతన్న మంచినీళ్ళ బిందె దిమ్మల పక్కన పెట్టేడంట. ఒలిగిపోయిందంట. ఆ రైతుకి నేనేం సమాధానం చెప్పాలి? పొమ్మన్నాను."

నేను గబగబా మెట్లెక్కాను. కుళాయి కట్టేసి ఉంది. బకెట్టు బోర్లించి ఉంది. హమ్మయ్య, నేను కాదు అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. తర్వాత బాల్కనీ నేల చూశాను. గోడ వార తడి ఇంకా ఆరలేదు. ఆ తడి వెళ్ళి నీళ్ళు పోయే కంతలో కలిసింది. కంతలోంచి వంగి చూస్తే సరిగ్గా ఆ చివరి వరస. తెల్లారి నీళ్ళు వచ్చాయి, నేను కట్టని కుళాయిలోంచి పారాయి, కింద దిమ్మల మీద పడ్డాయి. మరి కుళాయి కట్టిందెవరు? ఆలోచిస్తే తెలిసేది. నేను ఆలోచించలేదు.

పిల్లలు వచ్చారు. మణి కూడా వచ్చింది, ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చుంది. పాఠం చెప్పక తప్పదు కదా.

"ద విండో వాజ్ బ్రోకెన్. ఎవరు పగలగొట్టారో తెలీదు. అలాంటప్పుడు ఫలానావాడి చేత అని చెప్పే బై అక్కర్లేదు. లేదా ఎవరో తెలుసు, కానీ చెప్పడం..."

అక్కడ నాలిక మడతపడింది. నీళ్ళు తాగి పూర్తి చేశాను.

"చెప్పడం ఇష్టం లేదు. అప్పుడు కూడా బై తీసేయొచ్చు."

మణి లేచి నిలబడింది.

"మేస్టారండీ, తెలిసుండి సెప్పడం ఇట్టం లేకపోడం ఏటండి? ఎందుకిట్టం ఉండదండి?"

పిల్ల మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"పరీక్షలో అది అడుగుతారా? అడిగేవి వదిలేసి అడగనివి పట్టుకుంటావు కాబట్టే కిందటేడు తప్పావు. కూర్చో!"

కూర్చుంది. తల దించుకుని గీతలు గీస్తూ ఉండిపోయింది. వెనక బెంచీ కూడా ఇకిలించలేదు. పొద్దున్నే తండ్రి పని పోయిన పిల్ల మీద, ఆ పని పోగొట్టిన నేను నోరు పారేసుకున్నాను. ఛీ, నా బతుకు! తలనొప్పి అని చెప్పి పాఠం సగంలో ఆపేశాను.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, "పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పెయ్యండి, ఇంకేటి ఆలోచన?" అంది. నిజమే కదా అనిపించింది. చెప్పేస్తాను, పోతన్నకి పని తిరిగొస్తుంది, నేను మణి మొహం చూడగలుగుతాను. బుధవారం మొదటి బస్సెక్కాను. దారి పొడుగునా నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను, ఎంత గొప్పవాడివిరా సన్యాసిరావూ అని.

నేను వెళ్ళేసరికి వేలం నడుస్తోంది. కొనేవాళ్ళు దిమ్మల చుట్టూ మూగి ఉన్నారు. నేను మధ్యలోకి వెళ్ళి క్లాసులో అరిచినట్టే అరిచాను.

"రామ్‌గోపాల్ గారూ, కుళాయి విప్పి వదిలేసింది నేను. మీ దిమ్మలు పాడుచేసింది నేను. పోతన్న బిందె ఒలగలేదు, ఏమీ ఒలగలేదు!"

అందరూ నా వైపు తిరిగారు. వేలం పాట ఆగిపోయింది. రామ్‌గోపాల్ గారు నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. ఆయన మొహంలో నేననుకున్న మెచ్చుకోలు లేదు.

"చెప్పేరు, బాగుంది. గది ఖాళీ చేసేయండి మేస్టారూ. మొదటి రోజే చెప్పేను మీకు నీళ్ళ మాట."

"చేస్తానండి. పోతన్నని మాత్రం..."

"పోతన్న మాట ఎత్తకండి. కోపంలో పొమ్మన్నాను గానీ నాలుగు రోజులు పోయేక కబురు పెడదామనుకున్నాను. ఇదివరకు రెండు మాట్లు అలాగే చేసేను. ఇప్పుడెలా పెట్టుకుంటాను? బిందె ఒలిగిపోయిందని నా మొహం మీద అబద్ధం చెప్పేడు. మార్కెట్టంతా వినింది. రేపు దిమ్మలు తగ్గితే ఇంకో కథ చెప్తాడు. అబద్ధం ఆడేవోడికి రైతుల సరుకు అప్పజెప్పేనంటే నాకు ఎవడు సరుకు తెస్తాడు?"

ఆయన వేలం దగ్గరికి వెళ్ళిపోయారు. పాట మళ్ళీ మొదలైంది.

గవరపాలెంలో పోతన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అరుగు మీద కూర్చుని గోనె సంచి కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు.

"మేస్టారూ! ఇలగొచ్చేరేటి? మణీ, కుర్చీ ఎట్టే!"

నేను నిలబడే అంతా చెప్పాను. సూది అతని చేతిలో అలాగే ఉండిపోయింది.

"సెప్పీసేరా?"

"చెప్పేశాను. ఆ బిందె మాట ఎందుకన్నావయ్యా?"

"తెల్లారగట్ల నీల్ల సప్పుడైతే పైకెల్లేనండి. కుళాయి కట్టీసింది నానే. మీ పేరు సెప్తే బాబుగారు గది కాళీ సేయించేత్తారు. పరీచ్చ నెల్లాళ్ళుంది. మా పిల్లకి ఇంకెవులు సెప్తారు? అదే నామీదైతే తిడతారు, మల్లీ పిలుత్తారు. అది నాకు అలవాటేనండి."

ఇంక దాచి లాభం లేదు. రామ్‌గోపాల్ గారి మాటలు కూడా చెప్పాను, ఇక పిలవరని. పోతన్న సూది సంచికి గుచ్చాడు. తర్వాత సంచి మడిచి పక్కన పెట్టాడు.

"ఒక్క ముక్క నన్నడిగుంటే బాగుండునండి."

"తప్పయిపోయింది పోతన్నా. నేను చేసిన దానికి నువ్వు మాట పడుతుంటే ఊరుకోలేకపోయాను. మనసు నిలవలేదు."

"పోన్లెండి బాబూ. మీ మనసు తేలికైనాది కదా. అదైనా సాలు."

ఎత్తిపొడుపు ఉందేమోనని అతని మొహంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండును. నిజంగానే నా మనసు గురించే అన్నాడు.

మణి కుర్చీ తెచ్చి వేసి, గుమ్మం పక్కన నిలబడింది. అంతా విన్నట్టుంది. నిన్నటి ప్రశ్నకి జవాబు ఈ పిల్లకి ఇప్పుడు తెలుసు.

"రేపటి నుంచి నేనే ఇక్కడికొచ్చి చెబుతాను. రోజూ వస్తాను," అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

"రేపెందుకండి, వచ్చేరు కదా. ఇయ్యాల్ది ఇప్పుడే సెప్పీయండి," అన్నాడు పోతన్న. తువ్వాలు భుజాన వేసుకుని అరుగు దిగాడు. "నాను రైలు స్టేసన్ కాడ గూడ్సు సెడ్డుకెల్లొత్తాను. బస్తాలు మోయడానికి మనుసులు కావాలన్నారు."

మణి పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"నిన్న సగంలో ఆపేసేరండి," అంది.

మొదలుపెట్టాను. పోతన్న చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.