గుంటడి వెనక కాళ్లు

బిలాస్‌పూర్ తార్‌బహార్ రైల్వే క్వార్టర్లలో ఆ ఉదయం అందరూ దయగానే మాట్లాడారు. స్కూటర్ గుద్ది వెనక కాళ్లు పడిపోయిన కుక్కను చూసి అయ్యో అన్నారు. ఒక సూది వేయించేస్తే దానికీ సుఖం, మీకూ సుఖం అన్నారు. జాలిపడుతూనే మనం ఎంత తేలిగ్గా చావు తీర్పు చెప్పేస్తామో పాఠకులు గమనించాలి.

ఆ మాటలకు నీలవేణి ఒళ్లు మండింది. పోలియోతో చిన్ననాడే ఎడమకాలు చచ్చుబడిన ఆమె, ఇనుప పట్టీల బూటుతో నడిచి వెళ్లి బడిలో లెక్కలు చెబుతుంది. గుంటడు, అంటే పిల్లాడు, అని పిలుచుకుంటూ ఆ కుక్కను పెంచుకున్నది ఆమే.

అన్న తిరుమలరావు లోకో షెడ్డు డ్యూటీ దిగి పశువుల డాక్టరును తీసుకొచ్చాడు. ఎముక విరగలేదనీ, వెన్ను దెబ్బతిందనీ, లేవొచ్చు, లేవకపోనూవచ్చనీ డాక్టరు చెప్పాడు. అన్న సూదికే మొగ్గాడు. నీలవేణి మాత్రం, లేవాలంటే ఏం చేయాలో చూపించమంది. కాళ్లు మడిచి చాపడం, పుండ్లు పడకుండా పక్కలు మార్చడం డాక్టరు నేర్పాడు. కాస్త చలనం వచ్చాక నీళ్లలో నడిపించమన్నాడు. ఒంటి బరువును నీరే మోస్తుందన్నాడు.

రోజూ బడికి ముందూ తర్వాతా ఆమె చాప మీద కూర్చుని గుంటడి కాళ్లకు కాపడం పెట్టేది, మడిచి చాపేది. పాదం నొక్కినా వాడికి తెలిసేది కాదు. ఎన్నో వారాలకు ఒకనాడు నొక్కగానే కాలు లాక్కున్నాడు. మర్నాడే రిక్షాలో అర్పా నదికి తీసుకెళ్లింది. బూటు విప్పి తానూ నీళ్లలో దిగి, పొట్టకింద తువ్వాలు వేసి పట్టుకుంది. తూలింది, పడింది, లేచింది. కుంటికుక్కకు కుంటి టీచరని ఒడ్డున నవ్వారు. జనం లేని వేళకు వెళ్లమని అన్న బతిమాలాడు. ఆమె పనిగట్టుకుని జనం ఉన్న వేళకే వెళ్లింది.

చివరికి కాలనీ పెద్ద సత్యనారాయణ ఇంటికే వచ్చి, మూగజీవిని ఇలా హింసించడం పాపమనీ, ముక్తి కలిగించడమే పుణ్యమనీ నచ్చజెప్పబోయాడు.

"చిన్నాన్నా, నా కాలు పడిపోయిననాడు మా అమ్మకీ ఇలాగే చెప్పినారట," అంది నీలవేణి. "ఆడగుంట, దేవుడు తీసుకుపోతే దానికే మంచిదని. అమ్మ వినలేదు. ఇప్పుడు నేను వింటానేటి?"

తలుపు దగ్గర నిలబడిన తిరుమలరావు తల దించుకున్నాడు. మరునాడు అతను పంట్లాం మడిచి నదిలో దిగి, తువ్వాలు రెండో కొస పట్టుకున్నాడు.

చలికాలం వెళ్లేసరికి గుంటడు ఇసుక మీద నాలుగడుగులు వేశాడు. నడుము ఒక పక్కకు లాగుతూ, పాదం ఈడుస్తూ వేశాడు. చూడవచ్చిన సత్యనారాయణ, "అచ్ఛా, నడిచాడు. కానీ వంకరేగదమ్మా," అన్నాడు.

"వంకరే చిన్నాన్నా. అసలు లేవకపోయినా ఈడిని చంపనిచ్చీదాన్ని కాదు. నడక రావడం, రాకపోవడం ఒంటి సంగతి. బతకాలా వద్దా అన్నది మాత్రం చూసి జాలిపడీవాళ్లు తేల్చీది కాదు."