గుంట నిద్దరోనాది

ఆ పోటీలో మొదటి బహుమతి కొట్టేసిన కుర్రాడి పేరు చెప్పమంటే ఇప్పుడు అందరూ బుర్ర గోక్కుంటారు. మూడో స్థానంతో సరిపెట్టుకున్న సుగంధిని మాత్రం మలేసియాలో పెళ్ళి విందులు జరిగే ప్రతి హాలు వాడూ ఎరుగును. టీవీ వాళ్ళు ఆమెకి ఊరి పేరు కలిపి ‘సుంగై సిపుట్ పల్లెపిట్ట’ అని ఒక బిరుదు తగిలించారు. పల్లె పాటల పోటీ అది. పాడిన వాళ్ళంతా తమిళంలోనే పాడారు. చివరి రోజున సుగంధి ఒక్కతే తెగించి తెలుగు పాట ఎత్తుకుంది. న్యాయనిర్ణేతలకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, కుర్చీల్లోంచి లేచి మరీ చిందులేశారు. అర్థమయ్యుంటే ఏం చేసేవారో దేవుడికే తెలియాలి.

ఆ పాట సుగంధి నాయనమ్మ వెంకమ్మది. వెంకమ్మ వయసులో ఉన్నంత కాలం రబ్బరు తోటల్లో చెట్లకు గాటు పెట్టి పాలు తీసింది. ఒళ్ళు అలిసిపోయాక కొడుకు రాజన్ పంచన చేరింది. రాజన్‌కి సుంగై సిపుట్‌లో మోటారు సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు, చింతపండు పిసుకుతూనో బియ్యం కడుగుతూనో, వెంకమ్మ సన్నగా ఆ పాట తీసేది. సుగంధి అది వింటూ పెరిగింది.

గుంట నిద్దరోనాది గుంటలోన
లేపకండి లేపకండి వానలోన
పనయ్యాక అమ్మొత్తాది పొద్దుగూకి
పక్కనింత సోటుంచవే గుంటలోన

వాళ్ళింట్లో ఆడపిల్లని గుంట అంటారు. సుగంధిని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. అంచేత ఆమె దాన్ని జోలపాటే అనుకుంది. గుంటలోన అంటే తోటి గుంటల్లోన అనుకుంది. ఒక పిల్ల పిల్లల మధ్య పడుకుని నిద్రపోయింది, వాళ్ళమ్మ పని ముగించుకుని వస్తుంది, పక్కన కాస్త చోటుంచమంటుంది. ఇంత ముద్దొచ్చే పాట ఇంకోటి ఉంటుందా అనుకుంది.

పోటీకి ముందు సుగంధి ఒక మాట అడగకపోలేదు. “మామ్మా, నీ పాట టీవీలో పాడనా?” అంది.

“అది పాడీ పాట కాదే గుంటా” అంది వెంకమ్మ.

పాత పాట ఎవరు వింటారులే అని ముసలావిడ మొహమాటపడుతోందనుకుంది సుగంధి. నవ్వేసి, పాటని సాయి కిరణ్ దగ్గరికి పట్టుకుపోయింది.

సాయి కిరణ్ గుంటూరు నుంచి సైబర్‌జయకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు. శని ఆదివారాలు కీబోర్డు వాయిస్తాడు. అతని ఊళ్ళో గుంట అంటే గొయ్యి, ఇంకో అర్థం లేదు. “గుంటలో గుంట నిద్రపోవడం ఏంటండీ బాబూ! తిక్క పాట, అదిరిపోద్ది!” అని పడీపడీ నవ్వాడు. వేగం మూడింతలు చేశాడు. డప్పులు పెట్టాడు. ‘లేపకండి లేపకండి’ అన్న చోట కోరస్ వాళ్ళని ఎగిరి గంతేయమన్నాడు. ఆమెకి తెలిసిన గుంట అతనికి తెలియదు, అతనికి తెలిసిన గుంట ఆమెకి తెలియదు. ఇద్దరూ కలిసి పాటని బాగా తయారుచేశామని మురిసిపోయారు.

ఆ పాట సుగంధిని ఎక్కడికో తీసుకుపోయింది. ఇపో పట్నంలో ఆసుపత్రి కౌంటరు దగ్గర చేసే ఉద్యోగం మానేసింది. గుడి తిరునాళ్ళు, కంపెనీ విందులు, పెళ్ళిళ్ళు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎన్ని పాటలు పాడినా జనం చివరికి ‘గుంట! గుంట!’ అని అరిచేవారు. పెళ్ళిళ్ళలో అయితే ఒక ముచ్చట కూడా పుట్టింది. ‘పక్కనింత సోటుంచవే’ అన్న చోట పెళ్ళికొడుకు సోఫాలో జరిగి పెళ్ళికూతురికి చోటివ్వాలి. హాలంతా ఈలలు. ఆ ఒక్క పాట లేకపోతే తనని పిలిచేవాళ్ళు ఉండరని సుగంధికి బాగా తెలుసు.

నిరుడు ఉగాదికి సైబర్‌జయలో తెలుగువాళ్ళు పెట్టిన సభలో పాడి దిగాక, వరూధిని అనే ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. భర్త ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏమీ అనుకోకండి. ఈ పాట మీకు ఎవరు నేర్పారు?”

“మా మామ్మ పాట అక్కా. గుంటల్ని నిద్దరపుచ్చీ పాట లా” అంది సుగంధి, మాట చివర ‘లా’ తగిలించే మలేసియా అలవాటులో.

వరూధిని ఆమెకి దగ్గరగా జరిగింది. “మాది బొబ్బిలి పక్కన పల్లె. మాకూ పిల్లంటే గుంటే. కానీ తవ్విన గొయ్యిని కూడా గుంటే అంటాం కదమ్మా. మీరేమంటారు?”

“లుబాంగ్” అంది సుగంధి. వాళ్ళింట్లో గోతికి వాడేది ఆ మలయ్ మాట ఒక్కటే. అన్నాక, పాటలో రెండోసారి వచ్చే గుంటని లోలోపలే పలికి చూసుకుంది.

“పిల్లని గుంటలో పెట్టారమ్మా. పని నుంచి నేనూ వస్తాను, నీ పక్కన చోటుంచమని తల్లి ఏడుస్తోంది. మా వైపు ఆడవాళ్ళు ఇలాగే శోకాలు పెడతారు” అని, సుగంధి చెయ్యి పట్టుకుని అడిగింది. “మీ ఇంట్లో ఎవరు పోయారు?”

ఈలోగా వేదిక మీంచి మళ్ళీ పిలుపొచ్చింది. జనం ‘గుంట! గుంట!’ అని గోల పెడుతున్నారు. ఒళ్ళు బాగాలేదనొచ్చు, గొంతు పోయిందనొచ్చు. ఆ సంగతి సుగంధికి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. వెళ్ళి పాడింది. ఎప్పటికన్నా బాగా పాడింది కూడా. ముందు వరసలో వరూధిని కూర్చున్న కుర్చీ ఖాళీగా కనపడింది.

తెలియక చేసినదానికి ఏదో ఒక క్షమాపణ ఉంటుంది. ఆ రోజు తర్వాత సుగంధి పాడినవన్నీ తెలిసి పాడినవే. బంటింగ్ అనే ఊళ్ళో ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు నవ్వుతూ సోఫాలో జరిగినప్పుడు ఆమె మొహం తిప్పుకుంది. అయినా చరణం వదల్లేదు. పాట ఆపితే తను ఎవరు? మళ్ళీ ఆ కౌంటరు వెనక కూర్చునే పిల్ల. ఆ భయమే ఆమె చేత పాడించింది. తనంటే తనకే అసహ్యం వేసింది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. టీవీలో పాడిన తర్వాత మామ్మ నోట ఆ పాట ఒక్కసారి కూడా వినలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సుంగై సిపుట్ వెళ్ళింది. వెంకమ్మ వెనక గుమ్మంలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మునగాకు దూస్తోంది. సుగంధి ఎదురుగా నేల మీద కూలబడింది.

“మామ్మా, పాటలో గుంట ఎవురు?”

వెంకమ్మ చెయ్యి ఆగలేదు. “మీ అత్త. మీ నాన్న కన్నా ముందు పుట్టినాది. రత్నావతి. జొరమొచ్చినాది. పనికి ఎల్లకపోతే తోట మేస్త్రీ, ఆ మండోరు, పేరు కొట్టీసీవోడు. ఎల్లినాను. తిరిగొచ్చీసరికి సల్లబడిపోనాది. వాన పడతన్నాది. తోట సివరనే గుంట తవ్వీసి పెట్టీసినారు.”

“నాకు సెప్పలేదేటి మామ్మా?”

“సెప్పినాను కాదేటి? పాడీ పాట కాదని.”

“ఎందుకో సెప్పలేదు.”

“నువ్వు అడగలేదు.”

నిజమే. అడగలేదు. అడిగితే పాట చేజారిపోతుందేమోనని, మనసులో ఏదో మూల అప్పుడే అనిపించిందేమో కూడా. సుగంధి రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. “ఇంక పాడను మామ్మా. ఒట్టు.”

“నువ్వు మానీస్తే ఊరు మానెత్తాదేటి?” వెంకమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సుగంధికి. “ఆ తోట అమ్మీసినారు. ఇళ్ళు కట్టీసినారు. నా గుంట ఎవురింటి కింద ఉన్నాదో తెల్దు. కూకుని ఏడవడానికి సోటు లేదు. పాటొకటి ఉండీది.”

ఉండేది. ఆ మాట సుగంధికి సూటిగా తగిలింది.

“ఇప్పుడు ఎత్తుకుంతే డప్పు ముందొచ్చెత్తాది. పాతది రాదు” అంది వెంకమ్మ. “నువ్వు సిన్నప్పుడు ఇన్నావు. ఓపాలి పాడు. నాలాగ పాడు. నీ కాడ నేర్సుకుంతాను.”

సుగంధి కళ్ళు తుడుచుకుంది. చేతులు కదలకుండా చంకల్లో ఇరికించుకుంది. కళ్ళు మూసుకుని, మామ్మ బియ్యం కడిగే సద్దులోంచి విన్నదాన్ని గుర్తుచేసుకుంటూ, మెల్లగా మొదలుపెట్టింది. గుంట నిద్దరోనాది. పాట నడక చెదరలేదు. గుంటలోన. వస్తోంది, పాతది వస్తోంది అనుకుంది. లేపకండి, లేపకండి.

ఎక్కడో టకటకమని చప్పుడైంది. సుగంధి కళ్ళు తెరిచింది.

వెంకమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆమె చూపుడు వేలు మాత్రం పళ్ళెం అంచు మీద సాయి కిరణ్ డప్పు దరువు వేస్తోంది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.

పాట ఆగేసరికి వెంకమ్మ కళ్ళు తెరిచింది. మనవరాలు దేన్ని చూస్తోందో చూసింది. ఆ వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

“సూసినావా” అంది. “నా గుంట మీద నానూ ఆడీసినాను.”