చేతులు తీసే పాఠం

నేను నర్సులకు పాఠం చెబుతాను. నాకు నోరెక్కువని మా ఆసుపత్రిలో పేరు. అబద్ధం కాదు. నేను నేర్చుకున్న రోజుల్లో, ఆగిన గుండెను ఎలా నొక్కాలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవారు. సాధనకు దిండు. దిండు ఏం నేర్పుతుంది, నా మొహం! తరవాత వెలుగేసి గోడ మీద బొమ్మలు చూపించే ప్లాస్టిక్ రేకులొచ్చాయి, సీడీలొచ్చాయి, ‘తరవాతి పేజీ’ అని మీట నొక్కుకుంటూ పోయే కంప్యూటర్ పాఠాలొచ్చాయి. పిల్లలు ఆ మీట నొక్కడం మాత్రం అద్భుతంగా నేర్చుకున్నారు.

చివరికి మనిషి ఆకారంలో వైర్ల బొమ్మ వచ్చింది. రొమ్ము మీద ఎంత లోతుగా, ఎంత వేగంగా నొక్కుతున్నామో తెర మీద చూపిస్తుంది. అన్నీ సరిగ్గా చేస్తే తలవైపు పచ్చదీపం వెలిగి, నాడి కొట్టుకుంటుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. చిన్నప్పటి నుంచి నా దగ్గరే పెరిగిన మా అక్క కూతురు దాని మీదే పని నేర్చుకుంది. ఆ పిల్ల చేతిలో దీపం వెలగని రోజు లేదు.

వార్డులో చేరిన కొత్తలోనే ఒక పెద్దాయన గుండె పిల్ల ఎదుటే ఆగింది. బొమ్మ మీద చేసినట్టే చేసింది. డాక్టరు పరుగున వచ్చాడు, మందులిచ్చారు, మార్చి మార్చి నొక్కారు. ఆయన దక్కలేదు. పిల్ల ఇంటికొచ్చి యూనిఫాం మడిచి బీరువా అడుగున పెట్టేసింది. ఇక వార్డు గడప తొక్కనంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పు పిన్నీ అని మాత్రం అడుగుతూనే ఉంది. తప్పేం లేదే తల్లీ అంటే నమ్మదు. సరిగ్గా చేస్తే బతకాలి కదా అంటుంది. డాక్టరు చేత చెప్పించాను, నన్ను ఓదార్చడానికి అంటున్నారులే అంది. సోమవారానికి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని వార్డు పెద్ద సిస్టరు కబురు పెట్టింది. ఈ పనంటే ప్రాణం పెట్టే పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే, బొమ్మకు పాఠాలు తయారుచేసే అతని గదికి వెళ్ళాను. మేమంతా అతన్ని బొమ్మలబాబు అంటాం. మీ బొమ్మ ఎందుకయ్యా ఎప్పుడూ బతుకుతుంది అని చడామడా దులిపేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. పాపం, అతను ఎదురు తిరగలేదు. ఓడిపోయేలా పెడితే నేర్చుకునేవాళ్ళు డీలా పడతారనీ, అందుకే ఈ కాలపు పాఠాల్లో సరైన పనికి వెంటనే ఫలితం చూపిస్తామనీ చెప్పాడు.

“అన్నీ సరిగ్గా చేసినా మనిషి పోతే, వాళ్ళు ఏం నేర్చుకున్నట్టు మేడమ్?”

“ఆపడం నేర్చుకుంటారు బాబూ. ఆపి, బయట కాచుకున్నవాళ్ళకు ఆ మాట చెప్పడం నేర్చుకుంటారు. నల్లబల్ల నాటి నుంచీ ఆ పాఠం ఎవరూ రాయలేదు.”

 అలాంటి పాఠం బొమ్మలో లేదు గానీ, దాన్ని నడిపే టాబ్లెట్ కంప్యూటర్‌తో నాడి రాకుండా తనే పట్టి ఉంచగలనన్నాడు అతను.

ఆదివారం మధ్యాహ్నం శిక్షణ గది ఖాళీగా ఉంటుంది. తప్పెక్కడో బొమ్మ మీదే చూద్దాం పద అంటే పిల్ల కదిలింది. నొక్కడం మొదలుపెట్టింది. తెర మీద లోతు బాగుంది, వేగం బాగుంది. దీపం వెలగలేదు. అలిసిపోతే నేను అందుకున్నాను, మళ్ళీ అది అందుకుంది. చెమట కారిపోతోంది. బొమ్మలబాబు తల వంచుకుని కూర్చున్నాడు.

బొమ్మ పాడైందంది పిల్ల.

“బొమ్మ బాగానే ఉంది. నువ్వూ బాగానే చేశావు. ఇక చాలు, చేతులు తియ్యి.”

తియ్యలేదు. మణికట్లు పట్టుకుని నేనే తీశాను. తరవాత తలుపు బయటికెళ్ళి నిలబడి, నేను ఆ పెద్దాయన కూతుర్ని అనుకో, వచ్చి నాకు చెప్పు అన్నాను. చాలాసేపటికి వచ్చింది.

“అమ్మా, చేయగలిగిందంతా చేశాం. ఆయన దక్కలేదు.”

అని, నా మొహంలోకే చూస్తూ అడిగింది. 

“మా అమ్మకు కూడా ఇలాగే అన్నీ చేశారా పిన్నీ?”

మా అక్క ఈ ఆసుపత్రిలోనే పోయింది. గుండె ఆగిపోయిందని మాత్రమే పిల్లకు చెప్పాను. ఇన్నేళ్ళలో పిల్ల ఇంకేమీ అడగలేదు, నేను చెప్పలేదు.

“చేశాం. నేనే చేశాను.”

“నీ తప్పేమైనా ఉందా?”

లేదన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. దుఃఖం ఆగలేదు, అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది. మళ్ళీ వార్డుకు ఎలా వెళ్ళావని అడిగింది.

“మీ అమ్మ పోయాక మొదటిసారి నిన్ను బడిలో దింపి అటునుంచి అటే వెళ్ళాను. ఆ రోజు వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేనేమోనని భయమేసింది.”

 పిల్ల లోపలికెళ్ళి, బొమ్మ చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టి, దుప్పటి గడ్డం దాకా లాగింది. చేతులు కడుక్కుని వచ్చింది.

“రేపు పొద్దున నన్ను లేపు పిన్నీ, డ్యూటీ ఉంది,” అంది.