అడ్మిన్‌గారి ఇంటి గ్రైండర్

మా ఆయన దశరథం కరెంటు పనిలో రిటైరయ్యాడు. అయిన మరుసటి నెలే వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. పేరు ‘కట్టంగూర్ మోటర్ మిత్రులు’. బోరు మోటరు, కూలరు, మిక్సీ, ఏది చెడిపోయినా అందులో అడగొచ్చు. తెలిసినవాళ్లు చెప్తారు. ఎక్కువసార్లు ఆ తెలిసినవాడు మా ఆయనే. కట్టంగూర్‌లో వైర్లు, బల్బులు అమ్మే ప్రతి దుకాణం గోడ మీదా ఆ గ్రూపు లింకు కాయితం అంటించి వచ్చాడు. మా ఇంటి కాలింగ్ బెల్లు మాత్రం మూగబోయి ఏడాది దాటింది. వచ్చినవాళ్లు గేటు గొళ్లెం కొడతారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అవ్వ ఊరికే అనలేదు.

ఆ గ్రూపుకు ఆయన రాసిన నియమాలు చూడాలి మీరు. అడిగినవాళ్లను ఎగతాళి చేయకూడదట. తెలియకపోతే ఊహించి చెప్పకూడదట. ‘నెట్‌లో వెతుక్కో’ అంటే గ్రూపులోంచి తీసేస్తాడట. పొద్దున్నే గులాబీ పువ్వులు పెట్టినా అదే శిక్ష. ఒకసారి ఎవరో ప్లగ్గు పెట్టకుండానే కూలరు తిరగడం లేదని అడిగాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మా ఆయన వాళ్లను మందలించి, ‘బాబూ, ముందుగా ప్లగ్గు చూడండి. ఈ పొరపాటు అందరమూ చేస్తాము’ అని రాశాడు. రాసి నాకు చదివి వినిపించాడు. జవాబు చెప్పడానికి విద్య ఒక్కటే చాలదు, మర్యాద ఉండాలని ఉపదేశం కూడా చేశాడు. నేనప్పుడు ఆయన కంచంలో చారు పోస్తున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను ఇంట్లోనే ఇడ్లీలు, వడలు చేసి అమ్ముతాను. ఆర్డర్ల కోసం మా కూతురు దీప్తి భువనగిరి నుంచి వచ్చినప్పుడు ఇంకో ఫోన్‌లో వేరే సిమ్ము వేసి, వాట్సాప్‌లో నా ఫొటో బదులు ఇడ్లీ బొమ్మ పెట్టి ఇచ్చింది. ఆ నంబరు సగం ఊరి ఫోన్లలో ఉంది. మా ఆయన ఫోన్‌లో లేదు.

ఆ రోజు మెర్సీ టీచరు చర్చిలో ఆడవాళ్ల మీటింగు. సాయంత్రానికి వడలు కావాలంది. "మంచిగ చేసిస్తె క్రిస్మస్‌కు గూడ నీకే చెప్త అండాలక్కా" అని మాటిచ్చింది. అంత పెద్ద ఆర్డరు నాకెప్పుడూ రాలేదు. పొద్దున్నే పొట్టు మినపప్పు నానబోశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక గ్రైండరు ఖాళీగా ఒకసారి తిప్పి చూద్దామని స్విచ్చు వేస్తే అది గుర్రుమంది. తిరగలేదు.

మా ఆయన అరుగు మీద కుర్చీలో ఫోన్ పట్టుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, గ్రైండర్ గుర్రుమంటాంది, తిరుగుతలేదు. జర వచ్చి చూడు."

"ఊకె ఇష్టమొచ్చినట్టు స్విచ్చులు నొక్కుతవు. ఖరాబ్ గాక ఏమైతది? ఆగు, ఈడ ఒకాయన బోరు కాలేటట్టున్నది."

"సాయంత్రం వడలిచ్చేది ఉన్నది. ఏం పోయిందో చెప్పు, నేనే చూస్కుంట."

"చెప్తే నీకర్థమైతదా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

నాకు ఒళ్లు మండింది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే మాట. ఫ్యూజు గురించి అడిగినా ఇదే, ఫ్యాను గురించి అడిగినా ఇదే. ఒక్కసారి చెప్పి చూస్తే కదా, అర్థమవుతుందో లేదో తెలిసేది.

లోపలికొచ్చి, ఇడ్లీ బొమ్మ ఫోన్ తీసి, పక్కింటి కరెంటు దుకాణానికి పోయి గోడ మీది కాయితం చూసి గ్రూపులో చేరాను. ‘గ్రైండర్ గుర్రుమంటాంది, తిరుగుతలేదు. పప్పు నానుతాంది, సాయంత్రం వడలియ్యాలె. జర ఈ అక్కకు చెప్పుండ్రి’ అని పెట్టాను.

ముందు కృష్ణకాంత్ అనే ఆయన వచ్చి ఏ కంపెనీ అని అడిగాడు. చెప్పాను. మళ్లీ కనబడలేదు. శివకృష్ణ అనే పిల్లగాడు కొత్తది కొనుక్కోమన్నాడు. ఇంకొకరు గ్రైండరు ఏ మూల పెట్టారని వాస్తు అడిగారు. అప్పుడు దిగాడు మా అడ్మిన్.

‘మిత్రులారా, ఆమె పప్పు నానుతున్నది. తెలిసినవారే జవాబు చెప్పండి. మేడం గారూ, నమస్కారం. ముందుగా ప్లగ్గు తీసేయండి. తరువాత డ్రమ్మును చేతితో తిప్పండి. సులువుగా తిరుగుతున్నదా, పట్టేసినట్టున్నదా? తొందరేమీ లేదు, చూసి చెప్పండి.’

మేడం గారూ. నేను ఆ రెండు మాటలూ మళ్లీ చదువుకున్నాను.

ప్లగ్గు తీసి తిప్పాను. వెన్నలా తిరిగింది. అదే రాశాను.

‘చాలా బాగా చెప్పారు. అంటే బేరింగు బాగున్నది. కండెన్సరు పోయి ఉంటుంది. మోటరుకు మొదటి తోపు ఇచ్చేది అదే. అడుగు మూత విప్పితే చిన్న డబ్బీ కనబడుతుంది. అయితే దాన్ని ముట్టుకోకండి, ప్లగ్గు తీసినా అందులో కరెంటు మిగిలి ఉంటుంది. ఇంట్లో తెలిసినవారెవరైనా ఉంటే పిలవండి.’

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘తెలిసినాయన ఉన్నడు సార్. అడిగితే, చెప్తే నీకర్థమైతదా అంటడు’ అని రాశాను.

గ్రూపు భగ్గుమంది. మల్లప్ప అనే ఆయన, ‘గసొంటోనికే ఆ కండెన్సర్ పట్టియ్యాలె’ అన్నాడు. మా ఆయన అందరికంటే ఎక్కువ కోపం చేశాడు. తన మాటేనని కొంచెం కూడా గుర్తుపట్టలేదు. ‘అలాంటి వారి విద్య బూడిదలో పోసిన పన్నీరు మేడం. మీకు అర్థమవుతుంది. అర్థమైంది కనుకనే సరిగ్గా చూసి చెప్పారు. ఆయన్ను వదిలేయండి, నేను చెప్తాను’ అని రాశాడు.

ఒట్టు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లూ చూసింది. అది పరాయి ఆడమనిషికి దక్కింది. ఆ పరాయిదాని మీద నాకు ఒక్క క్షణం అసూయ కూడా కలిగింది.

ఆయన చెప్పినట్టే చేశాను. అడుగు మూత విప్పాను. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో డబ్బీ కొనలు రెండూ కలిపితే, మిగిలిన కరెంటు చిటుక్కుమని పోయింది. దాని మీద ఏం రాసి ఉందో ఫొటో పెట్టమన్నాడు. పెట్టాను.

అరుగు మీద కుర్చీ కిర్రుమంది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గ్రైండరుకు గీతలు పడొద్దని నేను కింద పరిచింది ఆయన నీలం గళ్ల లుంగీ. ఫొటోలో అది కండెన్సరు కంటే బాగా పడింది.

ఆయన లుంగీని చూశాడు, నన్ను చూశాడు, చేతిలో ఫోన్ చూసుకున్నాడు. ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. ఇంకా ఎవరెవరో ఆ ఇంటాయనను తిడుతున్నారు.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే. ఎవలో తెల్వనామెకు గింత ఓపిక పట్టి చెప్తివి. నాకెందుకు చెప్పవయ్యా?"

ఆయన గుమ్మం చెక్క గోకుతూ నిలబడ్డాడు. "బయటోళ్లను కసురుకుంటే మల్ల రారు" అన్నాడు చివరికి. "నువ్వు యాడికి పోతవులే అనుకున్న."

"పోయిన గద. గ్రూపులకు పోయిన."

ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. ఫోన్‌లో ఏదో రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. నా చేతిలోని ఫోన్ మోగింది. ‘ఆ ఇంటాయన నేనే. క్షమించాలి’ అని గ్రూపులో ఉంది.

ముందుగా మల్లప్ప రాశాడు: ‘మా ఇంట్ల గూడ గంతే సార్.’ తరువాత శివకృష్ణ, వాళ్లమ్మ మిక్సీ పండుగ నుంచి మూలకే ఉందని రాశాడు. ఆ తరువాత వరుసగా ఎవరి ఇంటి సంగతి వాళ్లు.

మా ఆయన మంచం కిందినుంచి డబ్బా లాగి కొత్త కండెన్సరు తెచ్చాడు. "జరుగు, నేను పెడత" అన్నాడు.

"నువ్వు చెప్పు. నేను పెడత."

ఏ వైరు ఎక్కడో చెప్పాడు. ఒకసారి నేను తప్పు పెట్టబోతే ఆయన నోరు తెరిచి, మూసి, మళ్లీ నెమ్మదిగా చెప్పాడు. మూత బిగించి, గ్రైండరు నిలబెట్టి స్విచ్చు వేశాను. తిరిగింది. నా చేతులతో బాగుచేసింది తిరుగుతుంటే చూడడం ఎంత బాగుంటుందో ఆ రోజే తెలిసింది.

ఎండ అప్పటికే వాలింది. పప్పు ఇంకా కడగనే లేదు.

"నేనేమన్న చెయ్యాల్నా?" అన్నాడు.

పప్పు నానబోసిన గంజు ఆయన ముందుకు జరిపాను. చేతులు నీళ్లలో పెట్టి అటూ ఇటూ కదిపాడు. పొట్టు పైకి తేలింది, పప్పు కూడా నీళ్లతో పాటు మోరీలోకి పోబోయింది. "గీ పొట్టు ఎట్ల తియ్యాలె?" అని అడిగాడు.

ఇన్నేండ్ల సంది నా చేతి వడలు తింటున్నవు, పప్పు కడుగుడు తెల్వదా అనే మాట నా నాలుక కొసదాకా వచ్చింది. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట. దాన్ని మింగేసి, ఆయన పక్కన కూర్చుని, గంజు ఎట్లా వంచాలో చూపించాను.