తలుపు వెనక రబ్బరు బూట్లు

“ఇంట్లో ఎలుక తిరుగుతోందంటే వంటిల్లు సరిగ్గా తుడవడం లేదన్నమాట,” అన్నారు మామయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండా. “జంతుశాస్త్రం చదివిన కోడలొచ్చింది, ఏం లాభం.”

నాకు నవ్వొచ్చింది. పెళ్లైన కొత్తలో నాకు అన్నిటికీ నవ్వే. స్టౌ మొదటిసారికే అంటుకుంటే నవ్వు. ఒకే అద్దంలో ఇద్దరం తల దువ్వుకోబోయి మోచేతులు తగిలితే నవ్వు. సాయంత్రం మా ఆయన ఈల వేసుకుంటూ సందు మలుపు తిరిగితే, ఆ ఈల నా కోసమేనని ఇంకా నవ్వు.

ఎలుకలు మా వంటింట్లో పుట్టినవి కావు. మా వరస ఇళ్ల వెనక మురికి కాలవ ఉంది, దాని చివర చెత్తకుప్ప. చెత్త బండి పెద్ద రోడ్డు మీద మేడల ముందు ఆగి అటునుంచి అటే పోతుంది, మా వైపు తిరగదు. ఎలుకలకు మాత్రం ఆ తేడాల్లేవు, అందరిళ్లకూ వస్తాయి. పొద్దున్నే మా వరస ఆడవాళ్లం ఎవరింటి వెనక ముక్క వాళ్లం కాలవలో దిగి ఊడ్చుకోవాలి. వట్టి కాళ్లతోనే. చెప్పులు వేసుకుంటే నాచు మీద జారతాయి, లేదా బురదలో ఉండిపోతాయి.

ఇంట్లో రబ్బరు బూట్లు లేక కాదు. తలుపు వెనక మేకుకు వేలాడుతుంటాయి, మోకాళ్ల దాకా వచ్చేవి. మా ఆయనవి. వాన పడితే వేసుకుని పనికి వెళ్తాడు. “మగాడు, బయట తిరిగేవాడు, కాళ్లు తడిస్తే జ్వరమొస్తుంది,” అని అత్తయ్యే వాటిని తుడిచి తగిలిస్తుంది.

ఒకరోజు పక్కింటి పిన్నికి జ్వరమొచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. అత్తయ్యా నేనూ ఆసుపత్రికి వెళ్లేసరికి నర్సు ఆమె పాదాలు చూస్తోంది. “ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగుంటుంది. పగుళ్లలోంచి లోపలికి పోతుంది. ఆలస్యం చేస్తే కిడ్నీలు పోయేవి,” అంది.

పిన్ని కోలుకుంటుందన్నారు. ఇంటికొచ్చాక అత్తయ్య గుమ్మంలో కూర్చుని మడమ తిప్పి చూసుకుంది. ఆ పగుళ్లలో చిన్న నాణెం నిలబెట్టొచ్చు. ఇన్నాళ్లూ నేను ఆమె వంట చూశాను, కోపం చూశాను, పాదాలు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బూట్లు తీశాను.

“అవి వాడివమ్మాయ్.”

“ఆయనే నావాడు కదా అత్తయ్యా.”

లోపల పాతగుడ్డలు కుక్కి తొడుక్కుని దిగాను. రెండడుగులు వేశానో లేదో కాలు బయటికొచ్చింది, బూటు బురదలో ఉండిపోయింది. ఒంటికాలి మీద చీపురు పట్టుకుని ఊగుతుంటే అత్తయ్య పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం నాకదే మొదలు. తర్వాత మెల్లగా, “ఏదీ, నన్నోసారి వేసుకోనీ,” అంది. వేసుకుని, నడుం మీద చెయ్యేసి, పోలీసులా అటూ ఇటూ నడిచింది. ఆమెకూ పెద్దవే. మామయ్య కిటికీలోంచి చూసి, “మగాడి బూట్లతో మురిక్కాలవలో దిగడమేంటి,” అన్నారు. మేం వినపడనట్టే ఉన్నాం.

రాత్రి మా ఆయన నా పాదాన్ని తన అరచేతిలో పెట్టుకుని జానతో కొలిచాడు. “ఇంతే ఉందే. నీకూ అమ్మకూ చిన్న సైజువి తెస్తాలే,” అన్నాడు. నేను కరిగిపోయాను. ఇంత మంచివాడు ఎవరికి దొరుకుతాడనిపించింది. ఆ మురిపెంలోనే ఒక ఆలోచన వచ్చింది. నా సైజు బూట్లు వస్తే ఆ కాలవ కూడా నా సైజుకే కుదిరిపోతుంది, జీవితాంతం. అత్తయ్య ఆయనవి తుడిచినట్టు నా బూట్లు నేనే తుడిచి తగిలిస్తూ ఉంటాను.

“కొత్తవి వద్దు,” అన్నాను, పాదం వెనక్కి తీసుకోకుండానే. “ఉన్నవి ఈ ఇంట్లో ఒకరికి సరిగ్గా సరిపోతాయి.”

అతను తలుపు వెనక బూట్ల వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, కానీ మాట మాత్రం మార్చలేదు.

తెల్లారి అత్తయ్యా నేనూ వెనక గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాం. కాలవలోంచి ఈల వినిపిస్తోంది.

“ఆ మూల వదిలేశావురా,” అంది అత్తయ్య హాయిగా.

ఈల ఆగింది. మా ఆయన ముక్కు మూసుకుని సందు చివర కుప్ప వైపు చూస్తున్నాడు. “అసలు చెత్త బండి మన వైపు ఎందుకు రాదు? ఎవరూ అడగలేదా?”

అత్తయ్య గ్లాసు కింద పెట్టి ఇంట్లోకి తల తిప్పింది.

“ఏవండీ, మీరూ మీ అబ్బాయీ వెళ్లి ఆ బండి సంగతి కనుక్కురండి. వచ్చాక చదువుకోవచ్చు పేపరు.”