ఏడుపు మేస్త్రి

మొదటి దెబ్బ ప్రెస్సులో అచ్చు మిషన్‌మేన్‌ది. చేతిలో ఉన్న ఇనప స్కేలు తిప్పి బైండింగు జిగురువాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. రెండు పళ్ళు ఊడి, అచ్చయి మడిచిపెట్టిన ఫారాల మీద పడ్డాయి. జిగురువాడు ఊరుకునే రకమా? పొయ్యి మీద ఉడుకుతున్న జిగురు డబ్బా ఎత్తి అవతలివాడి భుజం మీద కుమ్మరించాడు. చొక్కా చర్మానికి అతుక్కుపోయింది. లాగితే రెండూ కలిసి ఊడొచ్చాయి. ఆ కేకకి మేడమీద కునుకు తీస్తున్న ప్రెస్సు ఓనరు చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చాడు.

ఇంతకీ గొడవ దేనికయ్యా అంటే, ఆస్తికీ కాదు, ఆడదానికీ కాదు. ఒక కథలో మనిషి చావు గురించి. నవ్వొస్తోంది కదా? అక్కడున్నవాళ్ళెవరికీ రాలేదు.

ఆ కథ పేరు పొగకోట. నాలుగు భాగాలు. గబ్బిలాల మీదెక్కి వచ్చే బూడిదరాజు సైన్యం ఒకవైపు, నోరు మెదపకుండా కోటని కాచే సేనాని ఒకవైపు. మూడు భాగాలు జనం ఎగబడి చదివారు. నాలుగోది ఆ ప్రెస్సులోనే అచ్చవుతోంది. ఆ పొద్దున్నే ఆఖరి ఫారం మిషన్ దిగింది. అందులో సేనాని చచ్చిపోతాడు. వీరుడిలాగే చచ్చాడని మిషన్‌మేన్ అన్నాడు. కాళ్ళు పట్టుకుని ఏడ్చినోడు వీరుడేంట్రా అని జిగురువాడు అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఏ పేచీ లేదు. కాగితాల అంచులు కోసే కటింగ్ మిషన్ మీద పనిచేసే ఆవిడ వైపు ఓరకంట చూసి, "అయినా రాసినాయనకి తెలీదా, వాళ్ళింటి చావేగా" అన్నాడు. గొంతు సాగదీసి, ఆగి ఆగి ఏడ్చి చూపించాడు. స్కేలు అప్పుడు లేచింది.

ఇద్దర్నీ చెరో రిక్షాలో ఆస్పత్రికి తోలాక, ఆవిడ పళ్ళు ఏరి అవతల పారేసి, రక్తం పడ్డ ఫారం తీసి చదివింది.

"సేనాని మోకాళ్ళ మీద కూలాడు. బూడిదరాజు పాదాలు రెండు చేతులా పట్టుకుని, చంపొద్దు దొరా అని కోటగోడలకి వినపడేలా ఏడ్చాడు. ఆగాడు. మళ్ళీ ఏడ్చాడు. మూడో వేటుకి మెడ తెగింది." అంతే, కథ సమాప్తం. రాసినవాడు ఆవిడ సొంత మరిది.

ఆవిడ మొగుడు బస్తాల మార్కెట్టులో హమాలీలకి మేస్త్రి. ఎనిమిదేళ్ళ కిందట, పట్టపగలు, మిరపకాయల గోడౌన్లో ముగ్గురు మనుషులు గొడ్డళ్ళతో నరికి చంపారు. మేస్త్రిని తప్పించి తమవాళ్ళని దింపాలని చూసిన ముఠా పని అది. వీధిలో షట్టర్లన్నీ దిగిపోయాయి. వాటి వెనక నక్కినవాళ్ళు చూసింది ఏమీ లేదు గానీ, విన్నది మాత్రం ఊరంతా చాటారు. మేస్త్రి కాళ్ళావేళ్ళా పడ్డాడట. చంపకండి బాబూ అని గుక్కపెట్టి ఏడ్చాడట. ఆగాడట, మళ్ళీ ఏడ్చాడట. బస్తా కొక్కెం అరచేతిలోంచి దూసుకుపోయిన రోజున కూడా "ఓ గుడ్డపీలిక ఇవ్వండ్రా" అని ఊరుకున్న మనిషి. అతన్ని చూసుకుని రొమ్ము విరుచుకు తిరిగిన హమాలీలకి తల కొట్టేసినట్టయింది. పాడె మొయ్యడానికి నలుగురు దొరకడం గగనమైంది. చూసిన సాక్షి ఒక్కడూ లేడని కేసు కొట్టేశారు. ఆ రోజు నుంచి అతను ఏడుపు మేస్త్రి, ఆవిడ ఏడుపు మేస్త్రి పెళ్ళాం.

ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆ పేరు చెరిగిపోవాలి. పొగకోట మొదటి భాగంలో సేనాని అరచేతి మచ్చ చూసి, ఇది మన మేస్త్రే కదా అని మార్కెట్టులో జనం గుసగుసలాడుకున్నప్పుడు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కథలోనైనా మొగాడిలా పోతాడని ఎదురుచూసింది. తీరా వీడు చేసిన నిర్వాకం ఇది. రేపు తెల్లారితే పుస్తకాలు లారీ ఎక్కేస్తాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది ఆఖరి ఫారాలు చూసుకోడానికి వచ్చాడు. పదేళ్ళప్పటి నుంచి ఆవిడ చేతి తిండి తిని పెరిగినవాడు. కటింగ్ గదిలో వాళ్ళిద్దరే.

"అంచు ఎంత తియ్యమంటావో చూసి చెప్పు. ఇలా చెయ్యి పెట్టు," అంది.

పెట్టాడు, వెర్రిబాగులవాడు, రాసే చెయ్యే పెట్టాడు. ఆవిడ పెడల్ మీద బరువంతా మోపింది. కాగితాల్ని నొక్కిపట్టే ఇనప పట్టీ దిగి, నాలుగు వేళ్ళనీ బల్లకేసి అదిమేసింది. చిటికెనవేలు పుటుక్కుమంది. పైన, జానెడు ఎత్తులో, కత్తి.

"వదినా, చెయ్యి... చెయ్యి వదినా..."

"అరవకు. మీ అన్న అరుపు గురించి ఎనిమిదేళ్ళుగా వింటున్నాను, నీది కూడా ఎందుకు. ఎవడు చెప్పాడ్రా నీకు ఆయన అలా చచ్చాడని? షట్టర్ల వెనక నక్కిన సన్నాసుల కూతలు పుస్తకానికి ఎక్కిస్తావా?"

మరిది మొహం పాలిపోయింది. చెమటలు కారిపోతున్నాయి.

"ఎవరూ చెప్పలేదు వదినా. నేను అక్కడే ఉన్నాను."

ఆవిడ తలెత్తి వాడి మొహంలోకి చూసింది. కాలు మాత్రం పెడల్ మీంచి తియ్యలేదు.

"వాళ్ళు గేటు దాటడం చూసి అన్న నన్ను మిరపబస్తాల వెనక్కి తోసేశాడు," అన్నాడు రొప్పుతూ. "చూసినవాడెవడైనా ఉంటే వాణ్ణీ లేపెయ్యాలని చెప్పుకుంటూనే వచ్చారు. మొదటి వేటుకి అన్న చెయ్యి మోచేతి దగ్గర వేలాడిపోయింది. కిక్కురుమనలేదు. రెండోది వీపు మీద పడింది. అప్పుడూ అంతే. ఇంతలో మిరపకాయల ఘాటు నా గొంతులోకి దిగింది. దగ్గొచ్చింది. చొక్కా నోట్లో కుక్కుకున్నాను, ఆగలేదు. అప్పుడు అరిచాడు వదినా."

"ఏమని?"

"చంపకండి బాబూ అని. వాళ్ళ కాళ్ళు వాటేసుకుని గొంతు చించుకున్నాడు. నాకు దగ్గు ఆగితే ఆపేశాడు. మళ్ళీ వస్తే మళ్ళీ ఎత్తుకున్నాడు. నా దగ్గు వాళ్ళ చెవిన పడకూడదని. వాళ్ళు నవ్వుకుంటూ, ఏడవరా ఇంకా ఏడవరా అంటూ నరికారు. ఆఖర్న నాకు దగ్గు పూర్తిగా ఆగిపోయింది. అన్న ఇంక ఒక్క మాట మాట్లాడలేదు."

"కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నాకు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇప్పుడు రాసేద్దామనే కూర్చున్నాను. సేనాని ఏడ్చేదాకా రాశాను. తర్వాత పేజీలో తమ్ముడు గోడ చాటున దాక్కున్నాడని రాయాలి. చెయ్యి సాగలేదు. అక్కడే ముగించేశాను."

తన ఏడుపు వాడి కంట పడకూడదని ఆవిడ తల తిప్పుకుంది. ఒక సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఈ ఎనిమిదేళ్ళూ లోలోపల ఆవిడ కూడా మొగుడి గురించి సిగ్గుపడింది. మంచంలో ఆయన వైపు ఖాళీగా ఉన్న చోటుని చూసి, ఎందుకు ఏడ్చావయ్యా అని చీదరించుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆయన ఎదురుగా ఉంటే కాళ్ళ మీద పడేది. లేడు. ఎదురుగా వీడున్నాడు. కత్తి మీట మీద చెయ్యి వేసింది. లాగితే నాలుగు వేళ్ళూ ఫారాలతో పాటు కింద పడతాయి. లాగాలని ఎంత ఉందో ఆవిడకే తెలుసు.

"రాయి," అంది చివరికి, పెడల్ వదిలి.

వేళ్ళు నల్లబడి వాచిపోయాయి. పెన్ను పట్టుకోబోతే జారిపోయింది. ఆవిడే పెన్ను తీసుకుంది. వాడు చెప్పాడు, ఆవిడ రాసింది. కోట నిండా పొగ. బురుజు చాటున తమ్ముడు, పొగకి తన్నుకొచ్చే దగ్గు. ఆ దగ్గుకి తోడు సేనాని అరుపు. ఎక్కడైనా మాట మెత్తబడితే ఆవిడ పెన్ను ఎత్తేసి, జరిగింది చెప్పరా అంది. ఆఖరి ఫారం మళ్ళీ అచ్చు వెయ్యాలంటే ఓనరు గొణిగాడు. ఆవిడ కటింగ్ మిషన్ దగ్గర్నుంచి కదలకుండా అతని వైపు చూసింది. గొణుగుడు ఆగిపోయింది. లారీ రెండ్రోజులు ఆలస్యంగా బయల్దేరింది.

పుస్తకం మార్కెట్టుకి చేరిన నాలుగో రోజున హమాలీలు ప్రెస్సుకి వచ్చారు. చదువొచ్చినవాడు ఒకడు బస్తా మీద కూర్చుని పైకి చదివితే మిగతావాళ్ళు విన్నారట. విన్నాక ఒక్కడూ బస్తా ఎత్తలేదట. ఇరవైమంది, మొలలో కొక్కేలు. వాళ్ళ ముందు ఇప్పటి మేస్త్రి, ఒకప్పుడు ఆవిడ మొగుడి కుడిభుజం. పాడె మొయ్యడానికి రానివాళ్ళలో అతనూ ఒకడు.

మరిది ప్రెస్సులోనే ఉన్నాడు. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. తన్నారు. లేవబోతే మోకాలి మీద కర్రతో కొట్టారు, ఎముక బయటికొచ్చింది. ఒకడు కొక్కెం భుజంలో గుచ్చి బస్తాని లాగినట్టు లాగాడు. మరిది పళ్ళు బిగబట్టాడు. ఒక్క మూలుగు బయటికి రానివ్వలేదు. వీధిలో షట్టర్లు టపటపా దిగిపోతున్నాయి.

"అక్కా," అన్నాడు మేస్త్రి, కొక్కెం కొన మరిది మెడ మీద ఆనించి. "వీడు సాక్ష్యం చెప్పుంటే ఆ ముగ్గురూ ఉరికెక్కేవాళ్ళు. మా చేత మా మేస్త్రిని ఇన్నేళ్ళు తిట్టించాడు. నువ్వు ఊఁ అను చాలు."

ఉన్న మాట చెప్పుకోవాలి. ఊఁ అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అన్నం పెట్టి పెంచినవాడు, తన బతుకు నిలువునా కాల్చినవాడు. ఆవిడ కిందకి చూసింది. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు, మొహంలో ఏదో తృప్తి. వీరుడిలా పోదామని నిర్ణయించుకున్నట్టున్నాడు. అది చూసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నోరు తెరవరా," అంది. "నోరు మూసుకుని చస్తే గొప్పవాడివైపోతావా? కాళ్ళు పట్టుకో. బతిమాలుకో."

వాడు తల అడ్డంగా ఊపాడు. "నన్ను పోనీ వదినా," అన్నాడు. మేస్త్రి మోచెయ్యి వెనక్కి లేచింది.

ఇంక మాట్లాడే వ్యవధి లేదు. ఆవిడ ఆ రక్తంలోనే కూలబడి మేస్త్రి కాళ్ళు రెండు చేతులా వాటేసుకుంది. దిగుతున్న కొక్కెం ఆవిడ చెవి పక్కన గీరుకుపోయి చెంప దాకా చీల్చింది. ఆవిడ వదల్లేదు. చంపకండయ్యా, మీకు దణ్ణం పెడతాను, వాణ్ణి వదిలెయ్యండయ్యా అని గొంతు పగిలేలా ఏడ్చింది. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ప్రతి షట్టరు వెనకకీ వినపడింది.

ఆవిణ్ణి ఎవరూ అలా చూసి ఎరగరు. మేస్త్రి కాళ్ళు విడిపించుకోబోయాడు, కుదరలేదు. "అక్కా లే, నీకు పుణ్యముంటుంది, కాళ్ళు వదులు," అని అతనే బతిమాలుకునే పరిస్థితి వచ్చింది. కొక్కెం కింద పడేశాకే వదిలింది. ఒక్కొక్కడే తల దించుకుని వెళ్ళిపోయారు.

చెంప మీద పైట అదిమిపెట్టుకుని ఆవిడ మరిది పక్కన కూర్చుంది. వాడిప్పుడు ఏడుస్తున్నాడు.

"నా కోసం ఎందుకు వదినా..."

"నీ మొహం, నీ కోసం ఎవడు ఏడ్చాడు," అంది. "నువ్వంటే నాకు అసహ్యం, చచ్చేదాకా పోదు. ఆయన అంత ఏడ్చి మిగిల్చుకున్నది నువ్వొక్కడివే. నా భుజం పట్టుకుని లే, ఆస్పత్రి మూసేస్తారు."